ఎవరూ కోరని రంగు

పోయినవారం మమ్మల్ని ఎక్కడ వదిలారో గుర్తుందా? ఇంటి చుట్టూ కర్రలు కట్టి, కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ షీట్లు అంటించి, రంగులవాళ్ళు మమ్మల్ని లోపల పెట్టి బిగించేసిన చోట వదిలారు. పట్టపగలు లైట్లు వేసుకుని బతుకుతున్నాం. ఇంటికి మూడు వైపులా బూడిద రంగు పడిపోయింది. వీధి వైపు గోడ ఒక్కటే పాత పసుపు రంగుతో మిగిలి ఉంది. మా అత్తయ్య, నేను వద్దంటున్నా వినకుండా, వీధి చివర కుట్టుమిషను ఆవిడ దగ్గరికి కబుర్లకు వెళ్ళింది. ఆవిడ అటు గేటు దాటగానే ఇటు బావగారు ఫోన్ చేసి, "అమ్మని చూసిపోదామని వస్తున్నా" అన్నారు.

బావగారంటే మా ఆయనకి అన్నగారు. ఆయన చూసిపోవడమంటే తనిఖీ చేసిపోవడం. అమ్మ ఆరోగ్యంలో ఏమాత్రం తేడా కనిపించినా తన ఊరు తీసుకెళ్ళిపోయి, పదకొండో అంతస్తులో ఉన్న తన ఫ్లాటులో పెట్టుకుంటానని ఎప్పుడో తేల్చి చెప్పారు. ప్రేమ లేక కాదు. ఆయన ప్రేమ అలాంటిది, మనిషిని కదలనివ్వదు.

ఫోన్ పెట్టేసి, ఆయన పడుకునే గది సర్దుదామని మేడ మీదికి వెళ్ళాను. కిటికీ షీటుకి ఒక మూల టేపు ఊడి, వేలెడంత సందులోంచి వీధి కనిపిస్తోంది. ఇన్నాళ్ళకి బయటి వెలుతురు చూశానన్న సంబరంతో కన్ను ఆనించి నిలబడ్డాను. ఆ సందులోంచే మా అత్తయ్య కనిపించింది.

చేతిలో సంచీ ఊపుకుంటూ, ఎప్పటిలాగే వీధి తన సొంతమన్నట్టు నడిచి వస్తోంది. మా ఇంటి దగ్గరికొచ్చేసరికి నడక నెమ్మదించింది. ఆగింది. ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది. ఆవిడ వెళ్ళాక వీధి వైపు గోడకి కూడా మొదటి పూత వేసేశారు. తను ఎంచుకున్న రంగు ఎలా ఉందో తేరిపార చూసుకుంటోంది కాబోలనుకుని నవ్వుకున్నాను కూడా.

ఆవిడ మా ఇల్లు దాటి వెళ్ళిపోయింది! పక్కింటి లాయరుగారి గేటు దగ్గర ఆగి, గడియ మీద చెయ్యి వేసి తడిమి, కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ వెనక్కి వచ్చింది. నడి వీధిలో నిలబడి ఒకసారి చుట్టూ తిరిగింది. ఎవరో సైకిలు మీద వస్తుంటే గబగబా పక్కకి తప్పుకుని, మురుక్కాలువ మీద వేసిన బండ మీద కూర్చుని, వంగి చెప్పు సర్దుకోవడం మొదలుపెట్టింది. సైకిలు వెళ్ళిపోయింది. ఆవిడ ఇంకా సర్దుకుంటూనే ఉంది. ఆవిడ చెప్పులకి బిగించుకోవడానికి పట్టీలే లేవు.

"అత్తయ్యా!" అని అరిచాను. ఎవరికి వినబడుతుంది? కిటికీ తలుపులు మూసి, అంచులన్నీ టేపు వేసేశారు. అద్దం మీద దబదబా బాదాను. కర్రల మీద నిలబడి రోలరు తిప్పుతున్న పొడుగాయన నా బాదుడు విని షీటు దగ్గరికి మొహం పెట్టాడు.

"లోపలికి ఒక్క చుక్క కూడా రాదమ్మా! మీరు నిశ్చింతగా ఉండండి!" అని అరిచి మళ్ళీ రోలరు అందుకున్నాడు.

"చుక్క కాదయ్యా, మా అత్తయ్య!" అని నేనంటే, ఇంకో పూత వేస్తే గానీ పాత రంగు పూర్తిగా పోదని నాకు వివరంగా చెప్పాడు. నా ఖర్మ.

కిందికి పరిగెత్తాను. వీధి తలుపుకీ రంగు వేస్తున్నారు కాబట్టి సాయంత్రం దాకా తియ్యొద్దని మేస్త్రి బయటినుంచి అడ్డంగా చెక్క బిగించాడు. లాగాను, గుంజాను, తన్నాను. ఊహూ. వెనక తలుపు తీసుకుని, ఇంటికీ ప్రహరీకీ మధ్య సందులో పడ్డాను. ఆ సందు నిండా కర్రలు. వంగి, పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి దూరుకుంటూ వస్తుంటే నెత్తిమీద బూడిద రంగు బొటబొటా కారింది. అదేమీ పట్టించుకునే స్థితిలో లేను.

"అత్తయ్యా, ఇక్కడేం చేస్తున్నారు?"

గొంతు వినగానే ఆవిడ తలెత్తింది. ఆ మొహంలో అంత భయం నేనెన్నడూ చూడలేదు. తప్పిపోయిన చంటిపిల్ల మొహం అది. ఒక్క క్షణమే. వెంటనే మూతి బిగించి, ఎప్పటి అత్తయ్య అయిపోయింది.

"ఏం, కూర్చోకూడదా? ఈ వీధేమైనా మీ పుట్టింటివాళ్ళు నీకు రాసిచ్చారా?"

"కూర్చోండి, ఎవరొద్దన్నారు. లేచాక మనిల్లు ఎటో చెప్పండి."

అత్తయ్య లేచి, నా మణికట్టు పట్టుకుంది. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. సందులోంచి వస్తున్నంతసేపూ వదల్లేదు. వెనక తలుపు గడప కాలికి తగలగానే చటుక్కున వదిలేసి, నా కంటే ముందు వంటింట్లోకి నడిచి, స్టూలు లాక్కుని కూర్చుంది. ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడకి ఎవరి చెయ్యీ అక్కర్లేదు.

"మంచినీళ్ళియ్యి" అంది.

గ్లాసు నింపాను. రోజూ పెట్టే చోట, గట్టు మీద కుడిచేతి మూలన పెట్టబోయి ఆగాను. పాడు బుద్ధి అనుకోండి, ఏమైనా అనుకోండి, ఆవిడకి సరిగ్గా ఎదురుగా, గట్టు మధ్యలో పెట్టాను. అత్తయ్య చెయ్యి కుడివైపు మూలకి వెళ్ళింది. అక్కడ తడిమింది. ఇంకొంచెం పక్కకి తడిమింది.

"గ్లాసు ఎక్కడ పెట్టావే?"

"మీ ఎదురుగానే ఉంది అత్తయ్యా."

ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నన్ను పరీక్షిస్తున్నావా?" అంది మెల్లగా.

"ఎన్నాళ్ళయింది?"

"ఏది?"

"అత్తయ్యా!"

"అరవకు. నా కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు." అనేశాక, తను అన్న మాట తనకే వినిపించినట్టుంది. తల వంచుకుంది. "కిందటి చలికాలంలో మొదలైంది. నడిమధ్యన ఒక మచ్చ. ఎటు చూస్తే అటొచ్చి నిలబడుతుంది. చుట్టుపక్కల మసగ్గా కనిపిస్తుంది. నీవైపు చూశాననుకో, మొహం ఉండాల్సిన చోట మసి పూసినట్టుంటుంది. అదొక రకంగా నా అదృష్టమేలే."

ఏడుస్తూ నవ్వాను. ఇలాంటి మనిషితో వేగుతున్నాను చూడండి, గుండె పగిలే మాట చెబుతూ కూడా నాకో చురక అంటించకపోతే ఆవిడకి తోచదు.

"ఎవరితోనూ అనలేదేం? డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండి. ఇవాళే వెళ్దాం."

"వెళ్ళొచ్చాను. కుట్టుమిషను ఆవిడ తీసుకెళ్ళింది. పోయిన చూపు తిరిగి రాదట. ఉన్నది జాగ్రత్తగా చూసుకోమన్నాడు. చూపుని ఎలా చూసుకుంటారే? బీరువాలో పెట్టుకోనా?"

అందుకా ఆవిడ దగ్గరికి ఈ రాకపోకలన్నీ! రోజూ ఆ కుట్టుమిషను ఆవిడే మా గేటు దాకా దిగబెట్టి వెళ్ళేదట. ఇవాళ ఎవరో అర్జంటుగా కుట్టించుకోవడానికొచ్చి కూర్చుంటే, "నేను వెళ్ళగలను, పసుపు ఇల్లు కనిపించదా ఏం" అని అత్తయ్య ఒక్కతే బయల్దేరింది.

"వీధి మొత్తానికి పసుపు రంగు మనదొక్కటే" అంది అత్తయ్య. "దూరం నుంచి దీపం పెట్టినట్టు కనిపించేది. దానికేసి నడిచి వచ్చేసేదాన్ని. ఇందాక వచ్చి చూస్తే పసుపు లేదు. అటు చూసినా మసకే, ఇటు చూసినా మసకే. ఎవర్నైనా అడుగుదామంటే, నా ఇంటి ముందు నిలబడి నా ఇల్లెక్కడని అడగనా? సిగ్గుతో చచ్చిపోయాననుకో."

అప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మరి ఆ పసుపు తీసేసి ఈ బూడిద రంగు ఎందుకు వేయించారు? మీరే కదా ఎంచుకున్నారు!"

"నేనెంచుకున్నానా?" స్టూలు మీంచి లేచినంత పనిచేసింది. "రంగుల అట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టి, అమ్మా నువ్వే చూపించు, అమ్మా నువ్వే చూపించు అని నా చుట్టూ చేరారు. ఆ అట్ట మీద నాకు కనిపించింది ఏముంది, నా శ్రాద్ధం? ఏదో ఒక చోట వేలు పెట్టాను. ఛీ, ఇదేం రంగమ్మా అని మీలో ఎవరైనా అంటారు, అప్పుడు సరే మీ ఇష్టం అనేద్దామనుకున్నాను. ఒక్కరు నోరెత్తితే ఒట్టు! ఆహా అన్నాడు నీ మొగుడు. ఓహో అన్నావు నువ్వు."

"మీరు ఎంచుకున్నారు కదా అని నోరు మూసుకున్నాం!"

"మీరు మెచ్చుకున్నారు కదా అని నేను నోరు మూసుకున్నాను!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండిపోయాం. చూసుకుంటూ అన్నాను, అలవాటు. మామగారు పోయాక మా ఇంట్లో కర్టెన్ గుడ్డ కొనాలన్నా అత్తయ్య వేలు చూపించాల్సిందే. అది మేం ఆవిడకిచ్చే గౌరవం. ఆ గౌరవంతోనే ఇంట్లో ఒక్కరికి కూడా నచ్చని రంగుని, వేలు పెట్టిన మనిషికి కూడా అక్కర్లేని రంగుని, కర్రలు కట్టించి మరీ ఇంటికి పులుముతున్నాం.

"బావగారు వస్తున్నారు. ఫోన్ చేశారు" అన్నాను.

అత్తయ్య మొహం పాలిపోయింది. మళ్ళీ నా చెయ్యి కోసం తడుముకుంది.

"వాడికి తెలియనివ్వకే. చిన్నోడికీ చెప్పకు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు, క్షణంలో అన్నకి చెప్పేస్తాడు. పెద్దోడు మంచివాడే. కానీ ఆ ఫ్లాటులో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మా లేవకు, అమ్మా పట్టుకోకు అంటారు. ఇక్కడ ఉప్పు డబ్బా ఎక్కడుందో నా చేతికి తెలుసు, మెట్టు ఎక్కడుందో నా కాలికి తెలుసు. ఈ ఇంట్లో నాకు కళ్ళు అక్కర్లేదు. అక్కడికి తీసుకెళ్తే మాత్రం నిజంగా గుడ్డిదాన్నవుతాను."

"చెప్పను" అన్నాను. "నా నోటితో చెప్పను అత్తయ్యా."

మాటైతే ఇచ్చాను. మరి రేపటి నుంచి ఆవిడ బయటికి వెళ్తే ఇల్లెలా చేరుతుంది? నాకు తోచింది ఒకటే. గబగబా సందులో దూరి మేస్త్రి దగ్గరికి వెళ్ళాను.

"పని ఆపించండి. వీధి వైపు గోడకి పాత పసుపు రంగే వెయ్యండి."

మేస్త్రి నన్నూ, నా నెత్తిమీది రంగునీ మార్చి మార్చి చూశాడు. "మూడు పక్కలా ఇదీ, ముందొక్కటే అదీనా? రేపు దారిన పోయేవాళ్ళు ఈ పని చేసినవాడెవడని నన్ను తిడతారు అమ్మగారూ. సారుతో ఒకమాట చెప్పించండి."

సారు చెప్పనక్కర్లేకుండానే వచ్చారు. అన్నగారు వస్తున్నారని ఆఫీసులో సెలవు పెట్టేసి, స్వీట్ల పొట్లంతో గేటు తీసుకుని లోపలికి వస్తూనే ఆ మాట మా ఆయన చెవిన పడింది.

"పసుపేంటి? ఎవరు మార్చమన్నారు?"

"నేనే. నాకు నచ్చలేదు."

"ఇన్నాళ్ళూ నచ్చిన రంగు ఇప్పటికిప్పుడు ఎందుకు నచ్చలేదు?"

"గోడకి వేశాక నచ్చలేదు. మీకు నచ్చిందా? నా మీద ఒట్టేసి చెప్పండి."

మా ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నాకూ నచ్చలేదే. గోదాములా ఉంది. కానీ అమ్మ ముచ్చటపడి ఎంచుకుంటే కాదంటామా? ఆవిడ మనసు ఎంత కష్టపడుతుంది?"

ఏం చెప్పను ఈయనకి? నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగేశాను. సరిగ్గా అప్పుడే అత్తయ్య గోడ పట్టుకుని సందులోంచి బయటికి వచ్చింది. ఆవిడ వైపు ఆశగా చూశాను. ఒక్క మాట చాలు. మార్చెయ్యండ్రా అంటే చాలు. ఈ ఇంట్లో ఆవిడ మాటకి తిరుగులేదు, మేస్త్రి మళ్ళీ పసుపు డబ్బా తెప్పిస్తాడు, ఎవరూ ఎందుకని అడగరు.

"అమ్మా, నువ్వే చెప్పు" అన్నారు మా ఆయన. "నువ్వు ఎంచుకున్న రంగు బాగాలేదంటోంది నీ కోడలు. నువ్వే ఎంచుకున్నావు కదా? లేక గుర్తులేదా?" అని నవ్వుతూ, "అన్నయ్య కూడా అదే అంటున్నాడు. అమ్మ ఈ మధ్య ఫోన్లో తడబడుతోంది, మతిమరుపు మొదలైందేమో చూడాలి, అందుకే వస్తున్నా అన్నాడు" అన్నారు.

అయిపోయింది. ఆయన నవ్వుతూనే అన్నారు గానీ ఆ మాటతో తల్లి నోటికి తాళం వేశారు. ఎంచుకున్నది నేనే గానీ ఇప్పుడొద్దు అంటే మతి చలించిందంటారు. కనిపించక వేలు పెట్టానంటే కళ్ళు పోయాయంటారు. ఏదన్నా చివరికి పదకొండో అంతస్తే.

అత్తయ్య నిటారుగా నిలబడింది. "గుర్తులేకపోవడమేంట్రా, నాకేం వయసైపోయిందనా? నేనే ఎంచుకున్నాను. దివ్యంగా ఉంది. నీ పెళ్ళానికి నా మాట ఎప్పుడు నచ్చింది గనక ఇప్పుడు నచ్చడానికి?"

మా ఆయన నావైపు చూసిన చూపు ఇంకా నాకు గుచ్చుకుంటూనే ఉంది. మేస్త్రి మొహమాటంగా దగ్గి, "కానివ్వండ్రా" అన్నాడు. పైన రోలరు మళ్ళీ మొదలైంది. నాకు కోపం రావాలి నిజానికి, నలుగురిలో నన్ను అంత మాటన్నందుకు. రాలేదు. ఆవిడ చెయ్యి ఇంకా గోడని వదల్లేదు, ఆ తడి రంగంతా వేళ్ళకి అంటుకుంది. ఎవరూ చూడకుండా నా చెంగుతో తుడుద్దామని దగ్గరికి వెళ్ళాను. విదిలించుకుంది.

ఇంతలో ఫోన్ మోగింది. మా ఆయన స్పీకరు నొక్కారు.

"ఒరేయ్, వీధి మొదట్లో దిగాను" అన్నారు బావగారు. "మన పసుపు ఇల్లేదిరా? ఎక్కడా కనిపించట్లేదు. వేరే వీధికి వచ్చానా ఏంటి?"

మా ఆయన పగలబడి నవ్వారు. "అక్కడే ఉండు, అమ్మని పంపిస్తున్నా. అమ్మ వెంట వచ్చెయ్యి."

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "నేను వెళ్తానండీ" అన్నాను.

"ఆ నెత్తి వేసుకునా? అన్నయ్య దడుచుకుంటాడు."

"నేనే వెళ్తాను" అంది అత్తయ్య. "వాడు చూడ్డానికొచ్చింది నన్ను." చేతిలో సంచీ లేకపోయినా ఉన్నట్టే ఊపుకుంటూ, గేటు పట్టుకుని వీధిలోకి దిగి, బావగారున్న వైపు నడిచింది. అటు వెళ్ళడం కష్టం కాదు. తిన్నగా వెళ్తే చాలు, అక్కడినుంచి కొడుకే పిలుస్తాడు. అలాగే, "అమ్మా!" అని బావగారి గొంతు ఇక్కడిదాకా వినిపించింది. అత్తయ్య ఆ గొంతు వైపు దాదాపు పరిగెత్తింది.

ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని తిరిగి వస్తున్నారు. దారి చూపించేది తల్లి, వెంట వచ్చేది కొడుకు. నేను గేటు దగ్గరికి ఉరికాను, ఏదో ఒకటి మాట్లాడదామని, నా గొంతు వింటే ఆవిడ ఆగుతుందని. మా ఆయన నా భుజం పట్టుకుని ఆపారు.

"ఉష్! నోరు మెదపకు. ఇల్లు అన్నయ్య గుర్తుపడతాడో లేదో చూద్దాం." చిన్నపిల్లాడిలా కళ్ళు మెరిపిస్తూ, గేటు బయట నిలబడి చెయ్యి పైకెత్తారు.

దగ్గాను. గట్టిగా దగ్గాను. అదే సమయానికి వీధిలోంచి ఒక లారీ దడదడా పోయింది. నా దగ్గు దాని చక్రాల కింద పడింది.

అత్తయ్య దగ్గరికి వచ్చేసింది. "రంగు నేనే ఎంచుకున్నానురా, చూస్తే నీకు మతిపోతుంది" అని చెబుతోంది. చెబుతూనే మా గేటు ముందు నుంచి, చెయ్యెత్తి నవ్వుతూ నిలబడ్డ చిన్నకొడుకు ముందు నుంచి, చెయ్యి చాస్తే అందేంత దూరంలోంచి నడిచి వెళ్ళిపోయింది.

బావగారు ఆగిపోయారు. తమ్ముణ్ణి చూశారు. తమ్ముడి వెనక ఉన్న ఇంటిని చూశారు. తరువాత, తన చెయ్యి పట్టుకుని ఇంకా ముందుకి లాగుతున్న తల్లిని చూశారు. మా ఆయన ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయారు.

"ఆగావేంరా?" అంది అత్తయ్య. "రా, ఇంకాస్త ముందుకి. మనిల్లు ఇక్కడే."